కంచ గచ్చిబౌలి అడవి - కాచినవారి కథ

'కంచ' అను మాట నేటి నగరవాసులలో చాలమందికి ఒక ఊరిపేరులోని మొదటి ముక్క మాత్రమే. కంచ గచ్చిబౌలి అని పత్రికలలో చదువుదుము, బస్సులమీద చూతుము. అంతటితో ఆ మాటను విడిచిపెట్టుదుము. పల్లెలలో పుట్టి పెరిగినవారికి మాత్రము దాని అర్థము విడమరచి చెప్పనక్కరలేదు. పశువుల మేతకై దున్నక విడిచిన నేల కంచ. అందు గడ్డి పెరుగును, తంగేడు పూయును, రేగుకంపలు అల్లుకొనును, రాళ్ళసందులలో ఉడుములు దాగును. రెవెన్యూ లెక్కలలో గచ్చిబౌలి గ్రామమునకు చెందిన సర్వే నంబరు 25ను 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ' అని వ్రాసిరి. అస్తబల్ అనగా గుఱ్ఱపుశాల. పేరును బట్టి చూడగా, ఒకనాడు సర్కారువారి గుఱ్ఱములకు మేత సమకూర్చిన నేల అయియుండవలెను. గుఱ్ఱములు పోయినవి, గుఱ్ఱముల నేలిన ప్రభువులును పోయిరి. ఆ నేలలోని 400 ఎకరముల విషయమై 2025వ సంవత్సరములో జరిగిన వివాదము దేశమంతటను వినబడినది. ఆ అడవిని కాచుటకు జీతభత్యములు లేకుండ పూనుకొన్నవారిని గూర్చి శ్రోతలకు కొంత చెప్పవలెనని మా ఉద్దేశము.

ముందుగా ఆ ప్రదేశమెట్టిదో తెలిసికొనవలెను. 1998 నవంబరు 22వ తేదీన మాదాపూరులో సైబర్ టవర్స్ అను గుండ్రని భవనమును అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. అప్పటికి దాని చుట్టును బండరాళ్ళు, బీడులు, సీతాఫలపు తుప్పలు ఎక్కువ, ఇండ్లు తక్కువ. పాతిక యేండ్లు గడచునప్పటికి హైటెక్ సిటీ, కొండాపురము, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వరుసగా అద్దాల మేడలతో నిండిపోయినవి. దేశదేశముల కంపెనీల కొలువులు ఇక్కడ వెలసినవి. తెలుగు జిల్లాలలోని ప్రతి ఊరినుండియు ఒకరో ఇద్దరో పిల్లలు ఇచ్చటికి ఉద్యోగమునకు వచ్చిరి. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే నేల ధరయు దానితోడనే పెరిగినది. 2023 ఆగస్టులో కోకాపేటలో జరిగిన వేలములో ఒక ఎకరమునకు 100 కోట్ల రూపాయలకు పైబడి ధర పలికినది. ఎకరము నూరుకోట్లు పలుకుచోట 400 ఎకరముల అడవి నిలిచియుండుటయే ఒక వింత. అది ఎట్లు నిలిచినదో చూతము.

1969లో, మరల 1972-73లో తెలుగుదేశములో చెలరేగిన ఆందోళనల పిమ్మట కేంద్ర ప్రభుత్వము ఆరు సూత్రముల పథకమును ప్రకటించినది. ఆ సూత్రములలో ఒకటి హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయమును స్థాపించుట. 1974 అక్టోబరు 2న ఆ విశ్వవిద్యాలయము ఆరంభమైనది. దానికై గచ్చిబౌలివద్ద 2,300 ఎకరములకు పైగా భూమిని చూపించిరి. ఊరికి అంత దూరమున చదువుటకు ఎవరు పోవుదురని ఆనాడు అనుకొనినవారును ఉండిరి. 2003లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఈ ప్రాంతములోనే 400 ఎకరములను క్రీడాశిక్షణ కొరకని ఐ.ఎం.జి. భారత అను ప్రైవేటు సంస్థకు ఇచ్చుటకు ఒప్పందము చేసికొన్నది. 2006లో తరువాతి ప్రభుత్వము ఆ కేటాయింపును రద్దుచేసినది. సంస్థ కోర్టుకు పోయినది. వ్యాజ్యము ఒక సంవత్సరమా, రెండు సంవత్సరములా? 2024 మార్చిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వపక్షమున తీర్పు చెప్పినది. అదే ఏడు మే మాసములో సుప్రీముకోర్టు సంస్థవారి అప్పీలును త్రోసిపుచ్చినది.

ఇంతకాలము ఆ నేలను ఎవరును దున్నలేదు, ఎవరును కట్టలేదు, ఎవరును అమ్మలేదు. వకీళ్ళు కాగితములు త్రిప్పుచుండగా అక్కడ చెట్లు పెరిగినవి. లోకములో వ్యాజ్యములవలన చెడిన ఆస్తులు కొల్లలుగా ఉన్నవి గాని, వ్యాజ్యమువలన బాగుపడిన ఆస్తి ఇదియొక్కటే కాబోలు ననిపించును. ఈ మాట పరిహాసమునకు చెప్పుట లేదు. దక్కను పీఠభూమిలోని నేలను మనుష్యుడు ఇరువది యేండ్లు ముట్టకుండ విడిచిన ఏమగునో ఇచ్చట కన్నులార చూడవచ్చును. మొదట గడ్డి, తరువాత ముళ్ళపొదలు, పొదల నీడలో పిట్టలు విడిచిన గింజలనుండి వేప, కానుగ, మోదుగ, ఈత. వాటి వేళ్ళు బండల పగుళ్ళలోనికి దిగి వాననీటిని లోనికి పోనిచ్చును. దీనినే శాస్త్రజ్ఞులు పొదల అడవి అందురు. ఇది నల్లమలవంటి కీకారణ్యము కాదు. ఆకాశమంటు టేకుమ్రానులు ఇందు కానరావు. వేసవిలో చూచినవానికి ఎండిన కంపగానే తోచును. తొలకరి పడిన పదునైదు దినములకు వచ్చి చూచినవాడు అదే చోటని నమ్మడు.

విశ్వవిద్యాలయపు ఆవరణమును, ఈ కంచను కలిపి చూచిన ప్రకృతి పరిశోధకులు 734 జాతుల పూలమొక్కలను, 220 జాతుల పక్షులను, 15 జాతుల సరీసృపములను, 10 జాతుల క్షీరదములను లెక్కించిరి. ప్రపంచ వన్యప్రాణి నిధివారి పేర ఈ లెక్క ప్రసిద్ధమైనది. చుక్కల జింకలు, అడవిపందులు, ఏదుపందులు, ముంగిసలు, ఉడుములు, కొండచిలువలు, వీపుమీద నక్షత్రముల గీతలుగల తాబేళ్ళు ఇందులోనివి. నెమళ్ళ పేరుతో ఒక చెరువు, బఱ్ఱెల పేరుతో మరియొక చెరువు అచ్చట కలవు. పుట్టగొడుగువలె నిలిచిన ఒక బండ చిత్రకారులకును, పడుచు విద్యార్థులకును చిరపరిచితము. మానుబెరడుమీద బెరడురంగులోనే అణగియుండు ఒక సాలీడునకు 2010లో శాస్త్రజ్ఞులు హైదరాబాదు పేరు చేర్చి నామకరణము చేసిరి. ఒక చిన్న సాలీడునకు మన ఊరిపేరు నిలిచినదన్న మాట ఊరిలో ఎందరికి తెలియును?

2024లో ఆ 400 ఎకరములు తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయముల సంస్థకు అప్పగింపబడినవి. అచ్చట సాంకేతిక పరిశ్రమలకు తగిన స్థలములు ఏర్పరచి వేలము వేయవలెనని యోచన. 2025 మార్చి 30వ తేదీ ఆదివారము, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ఊరంతయు పచ్చడి తిని పంచాంగము వినుచున్న ఆ దినమున మట్టిని త్రవ్వు యంత్రములు పెద్దసంఖ్యలో కంచలోనికి ప్రవేశించినవి. మరునాడు రంజాను పండుగ. ముందునాడు శనివారము. అనగా కోర్టులు, కచేరీలు వరుసగా మూసియుండు దినములు. యంత్రముల చప్పుడు విని వసతిగృహములనుండి విద్యార్థులు పరుగెత్తి వచ్చి అడ్డునిలిచిరి. ఏబదిమందికి పైగా విద్యార్థులను పోలీసులు పట్టుకొనిపోయి ఠాణాలలో ఉంచిరి. యంత్రములు ఆగలేదు. రాత్రివేళ దీపములు పెట్టుకొని పని సాగించిరి. ఆ రాత్రులలో నెమళ్ళ కేకలు వినబడినవని పలువురు చెప్పిరి. ఆ ధ్వని దేశమంతటను చేతి ఫోనులలో మారుమ్రోగినది.

ఈ సందర్భమున అడవిని కాచుటకు వచ్చినవారు ఎవరు? వారిలో పార్టీల కార్యకర్తలు ఉండిరి, విద్యార్థి సంఘములవారు ఉండిరి. వారి సంగతి అందరును వ్రాసిరి. మేము చెప్పదలచినది అంతకుముందే, పత్రికలకు పట్టని రోజులలో, మౌనముగా పని చేసినవారిని గూర్చి. శనివారము, ఆదివారము తెల్లవారుజామున దుర్భిణి మెడలో తగిలించుకొని పిట్టల లెక్క వ్రాసికొనినవారు. ఒక్కొక్క మొక్కను గుర్తుపట్టి పేరు, పూచు కాలము, దొరికిన చోటు నమోదు చేసిన వృక్షశాస్త్ర విద్యార్థులు. నక్షత్ర తాబేలు బాట దాటుచుండగా బండ్లను ఆపి దానిని ఆవలకు చేర్చిన కావలివారు. సమాచార హక్కు చట్టము క్రింద అర్జీలు పెట్టి, వచ్చిన జవాబులను తేదీలవారీగా కుట్టి దాచుకొనిన ఉద్యోగస్థులు. వీరిలో సాంకేతిక కంపెనీలలో పని చేయువారు తక్కువమంది కారు. సోమవారమునుండి శుక్రవారమువరకు ఆ మేడలలోనే కూర్చుండి, వారాంతమున ఆ మేడల ప్రక్కనున్న అడవిని కాచినవారు వారు. ఇందులో వైరుధ్యము ఉన్నదని కొందరు ఎత్తిపొడిచిరి. మాకు అందు తప్పు కానరాదు. కమ్మరి కొలిమిలో పనిచేయువాడు తన పెరటి చెట్టును కాచుకొనరాదని ఎవరందురు?

ఆపదవేళ అక్కరకు వచ్చినది ఆ లెక్కల పుస్తకములే. అడ్డునిలిచిన చేతులు ఒక దినము, రెండు దినములు ఆపగలవు. న్యాయస్థానములో అడుగు ప్రశ్న వేరు: అచ్చట ఏమున్నది, ఎంత ఉన్నది, ఎప్పటినుండి ఉన్నది? చెట్లు కొట్టివేసిన తరువాత వచ్చి 'ఇక్కడ అడవి ఉండెను' అన్నచో, 'ఎక్కడ?' అని ఎదుటివకీలు అడుగును. ముందే వ్రాసిపెట్టినవాని చేతిలో సాక్ష్యమున్నది. ఆకాశమునుండి ఉపగ్రహములు తీసిన చిత్రములు కూడ వారికి తోడ్పడినవి.

విద్యార్థులును, వట ఫౌండేషన్ అను స్వచ్ఛంద సంస్థయు హైకోర్టును ఆశ్రయించిరి. ఏప్రిల్ 2న హైకోర్టు మరునాటివరకు పనులు ఆపవలసినదిగా ఆదేశించినది. ఏప్రిల్ 3న సుప్రీముకోర్టు, న్యాయమూర్తులు బి.ఆర్. గవాయి, ఎ.జి. మాసీహ్, పత్రికలలో వచ్చిన వార్తలనుబట్టి తమంత తామే విషయమును చేపట్టిరి. తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారును వెంటనే ఆ స్థలమునకు పోయి చూచి మధ్యాహ్నము మూడున్నర గంటలలోగా నివేదిక పంపవలెనని ఉత్తరువిచ్చిరి. అతడు పోయెను, చూచెను, వ్రాసెను. సుమారు 100 ఎకరములు యంత్రములతో నేలమట్టమైనవి. నెమళ్ళు, జింకలు, పక్షులు అచ్చట కనబడినవి. ఆ సాయంకాలమే పనులన్నియు నిలిపివేయవలెనని, తప్పినచో రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని స్వయముగా బాధ్యుని చేయుదుమని సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. ఉగాది మొదలు ఐదవ దినమునకు యంత్రములు నిలిచినవి. ఐదు దినములలో 100 ఎకరములు. ఇరువది యేండ్ల పెరుగుదలకు పట్టిన కాలమును, అది పోవుటకు పట్టిన కాలమును శ్రోతలే పోల్చుకొందురు గాక.

ఇక్కడ చట్టము సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలన మన ఊళ్ళలో ప్రతి బీడునకు, ప్రతి గుట్టకు ఇది వర్తించును. ఈ స్థలము అడవిశాఖవారి లెక్కలలో అడవిగా నమోదు కాలేదు. ఇది రెవెన్యూ భూమి, కావున అడవి కాదు అని ప్రభుత్వ వాదము. అట్లయిన అడవి యనగా నేమి? నీలగిరులలో గూడలూరు ప్రాంతమున చెట్లు కొట్టుటను చూచి సహింపలేక తిరుమూల్పాడు వంశపు గోదావర్మ అను పెద్దమనిషి 1995లో వేసిన వ్యాజ్యములో ఈ ప్రశ్న వచ్చినది. 1996 డిసెంబరు 12న సుప్రీముకోర్టు, అడవి అను మాటకు నిఘంటువులో ఏ అర్థము కలదో ఆ అర్థమే గ్రహింపవలెనని, భూమి ఎవరిదైనను, లెక్కలలో ఏ పేరు వ్రాసియున్నను దానితో పనిలేదని చెప్పినది. 1980 నాటి అడవుల సంరక్షణ చట్టము అట్టి అడవులన్నింటికిని వర్తించును. 2023లో పార్లమెంటు ఆ చట్టమును సవరించగా, దానిని ప్రశ్నించిన వ్యాజ్యములో 2024 ఫిబ్రవరిలో కోర్టు మరల పాత నిర్వచనమునే ప్రస్తుతమునకు పాటింపుడని ఆదేశించినది. 2025 మార్చి 4న, రాష్ట్రములన్నియు నిపుణుల సంఘములను ఒక నెలలోగా ఏర్పరచి ఇట్టి నమోదుకాని అడవులను గుర్తింపవలెనని కూడ చెప్పినది. తెలంగాణలో సంఘమును మార్చి 15న నియమించిరి. సంఘము ఇంకను తన లెక్క మొదలుపెట్టకమునుపే, పక్షము దినములకు, యంత్రములు కంచలోనికి పోయినవి. ఇంత తొందర ఏల అని కోర్టు అడిగినదందుకే. చెట్లు కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి తీసికొంటిరా అనియు అడిగినది.

ప్రభుత్వ పక్షమును కూడ చెప్పకుండుట న్యాయము కాదు. ఇది తమదైన భూమి. ప్రైవేటు సంస్థ చేతిలోనికి పోకుండ ఇరువది సంవత్సరములు పోరాడి నిలుపుకొన్నది. పరిశ్రమలు వచ్చినచో లక్షలాది యువకులకు కొలువులు దొరకును. రాళ్ళను, చెరువులను చెడగొట్టము అని వారు ప్రకటించిరి. భూమి తమదేనని వారన్న మాటకు విశ్వవిద్యాలయపు అధికారులు వేరుగా బదులు చెప్పిరి. హద్దులు నిర్ణయించు సర్వే తమ సమక్షమున జరుగలేదనిరి. హద్దు ఎవరిదన్న తగాదా న్యాయస్థానములు తేల్చును. ఉద్యోగముల మాట మాత్రము తేలికగా త్రోసివేయదగినది కాదు. జిల్లాలనుండి చదువు ముగించుకొని వచ్చు పిల్లవానికి నెమలి కంటె నియామకపత్రము ముఖ్యము. దానిని మేము కాదనము. కాని హైదరాబాదు చుట్టుపట్ల కట్టి ఖాళీగానున్న మేడలు, చదును చేసి విడిచిన లేఔట్లు కొల్లలుగా ఉండగా, ఉన్న ఒక్క అడవినే ఎంచుకొనుట ఎందులకో మాకు నేటికిని బోధపడలేదు.

మరియొక విషయము చెప్పుట అప్రియమైనను చెప్పవలెను. ఆ దినములలో చేతి ఫోనులలో తిరిగిన చిత్రములలో కొన్ని నిజమైనవి కావు. కృత్రిమ మేధ అని నేడు పిలుచు యంత్రబుద్ధితో కల్పించిన బొమ్మలు - మంటలనుండి పారిపోవు జింకలు, యంత్రము ముందు విలపించు నెమళ్ళు - వేలకొలది జనము నిజమని పంచుకొనిరి. వాటిని ఆధారముగా చేసికొని ప్రభుత్వము, ఉద్యమమంతయు కల్పనయే యనుటకు వీలు చిక్కినది; బొమ్మలు పంచినవారికి నోటీసులు పోయినవి. నిజముగా నేలమట్టమైన 100 ఎకరములు ఉండగా, కల్పిత చిత్రముతో పనియేమి? దుర్భిణితో తెల్లవారుజామున కూర్చుండి 'కౌజుపిట్టలు రెండు, తీతువు ఒకటి' అని వ్రాసికొన్నవాని నోటుపుస్తకము ఆ బొమ్మలన్నింటికంటె బలమైనదని కోర్టులో రుజువైనది. అడవిని కాచు పనిలో కన్నీరు తెప్పించుట సులభము, లెక్క తప్పకుండుట కష్టము.

ఇది ఈ ఊరిలో మొదటి పోరాటము కాదు. జూబిలీహిల్సు నడుమ కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనము కలదు; 1998లో దానికి ఆ హోదా ఇచ్చిరి. 2016లో దాని చుట్టును వంతెనలు కట్టుటకై మూడువేలకు పైగా చెట్లు పోవునని తెలిసినప్పుడు ఉదయపు నడకకు వచ్చువారు, గృహిణులు, బడిపిల్లలు చేయిచేయి పట్టుకొని వనము చుట్టును నిలిచిరి. హరిత న్యాయస్థానము నరికివేతను నిలిపినది. చేవెళ్ళ మార్గమున రహదారిని వెడల్పు చేయునప్పుడు 900కు పైగా పాత మఱ్ఱిచెట్ల సంగతి వచ్చినది. ఆ దారిన పోయినవారికి తెలియును, ఎండలో పచ్చని పందిరిక్రింద ప్రయాణము చేసినట్లుండును. నగరమునుండి పోయిన కొందరు ఒక్కొక్క మఱ్ఱిని లెక్కపెట్టి, అది నిలిచిన చోటును పటముమీద గుర్తించి, హరిత న్యాయస్థానమునకు పోయిరి. బండరాళ్ళను కాచుటకు కూడ 1996నుండి ఒక సంఘము పనిచేయుచున్నది. రెండువందల యేబది కోట్ల సంవత్సరముల వయస్సుగల నల్లరాతి బండలను, ఒక మేడ పునాదికై ఒక వారములో పిండిచేయుచుండగా చూచి సహింపనివారు స్థాపించినది ఆ సంఘము. ఖాజాగూడ గుట్టలు ఈ మాత్రమైన మిగులుటకు వారి శ్రమ కొంత కారణము. అడవియు, బండయు, చెరువును మనకు వేరువేరు శాఖలు. నేలకు అవి ఒకటే కుటుంబము.

బొంబాయి నగరములో ఆరే అను అడవి సంగతి శ్రోతలలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. మెట్రో బండ్ల కొట్టము కొరకు అచ్చటి చెట్లు కొట్టుటను ప్రశ్నించిన అర్జీలను 2019 అక్టోబరు 4వ తేదీ శుక్రవారము హైకోర్టు త్రోసిపుచ్చినది. ఆ రాత్రియే రంపములు మొదలైనవి. శని, ఆదివారములు సుప్రీముకోర్టుకు సెలవు. న్యాయశాస్త్ర విద్యార్థులు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరము వ్రాసిరి. సోమవారము, అక్టోబరు 7న, కోర్టు ఆపుమన్నది. అప్పటికే రెండువేలకు పైగా చెట్లు కూలినవి. హైదరాబాదులోను, బొంబాయిలోను సెలవు దినములే ఎన్నుకొనబడుట గమనింపదగినది. అందుచేత అడవి కాపరులకు పంచాంగము కూడ ఒక ఆయుధమైనది! మూడు దినములు వరుసగా సెలవు వచ్చినదన్న వారు ఇంట నిద్రపోవుట లేదని విన్నాము.

కంచలో యంత్రములు నిలిచిన పదునైదు దినములలోపుననే, ఏప్రిల్ 12న, ఖమ్మము జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్యగారు కన్నుమూసిరి. లోకము ఆయనను వనజీవి రామయ్య యనెను. మెడలో పచ్చని పలక తగిలించుకొని, జేబునిండ గింజలతో ఊరూర తిరిగి కోటి మొక్కలు నాటిన వ్యక్తిగా ఆయనకు 2017లో పద్మశ్రీ ఇచ్చిరి. నాటువానిని మనము మెచ్చుకొందుము. మొక్క నాటునప్పుడు మంత్రిగారు వత్తురు, చిత్రము తీయుదురు. 2015లో హరితహారమను పేర రాష్ట్రమంతట కోట్లకొలది మొక్కలు నాటిరి; రహదారుల వెంట పచ్చదనము పెరిగినమాట నిజమే. అయితే త్వరగా పెరుగునని విరివిగా నాటిన కోనోకార్పసు అను పరదేశపు మొక్కను ఇకపై నాటవలదని పిదప ప్రభుత్వమే చెప్పవలసివచ్చెను. తనంత తానుగా మొలచిన కంచకు మాత్రము గొయ్యి త్రవ్వనక్కరలేదు, నీరు పోయనక్కరలేదు, ఖర్చు లేదు. దానిని కాచువానికి దండయు లేదు. ఒకవేళ ఠాణాలో ఒక రాత్రి దొరకును.

2025 ఏప్రిల్ 16న సుప్రీముకోర్టు పోయిన 100 ఎకరములను తిరిగి అడవిగా చేయు పద్ధతి ఏదో చెప్పవలెనని రాష్ట్రమును అడిగినది. మే 15న అప్పటికి ప్రధాన న్యాయమూర్తియైన గవాయిగారు, ముందుగా అనుకొని సెలవు దినములు చూచి చేసినట్లు కనబడుచున్నదని, అడవిని పునరుద్ధరింపనిచో అధికారులు చెరసాలకు పోవలసి వచ్చునని కఠినముగా పలికిరి. కోర్టుకు సాయపడు న్యాయవాది, ఉపగ్రహ చిత్రముల ఆధారమున, పోయిన 104 ఎకరములలో 60 శాతమునకు పైగా మధ్యమముగానో దట్టముగానో ఉన్న అడవియేనని చూపిరి. 'అది ఉత్త పొద' అన్న మాటకు అంతకన్న మంచి సమాధానము దొరకదు. విద్యార్థులపై పెట్టిన కేసులను ఉపసంహరింపవలసినదిగా ఏప్రిల్‌లోనే రాష్ట్ర ప్రభుత్వము ఆదేశించినది. అది మెచ్చదగిన పని. ఆగస్టు 13న, అడవిని కాపాడుచు అభివృద్ధిని గూడ సాధించు ఒక ప్రణాళికతో రండని కోర్టు ప్రభుత్వమునకు ఆరువారములు గడువిచ్చినది. అభివృద్ధికి తాము విరోధులము కామని, కాని అది అడవిని బలిగొనరాదని అప్పుడు కోర్టువారు చెప్పిన తీరు మధ్యేమార్గమునకు తలుపు తెరచినది.

పునరుద్ధరణ మన్నది చెప్పినంత సులువు కాదు. యంత్రము పైమట్టిని గీకి తీసినచోట గడ్డిగింజలు, చెదలు, బూజు, వానపాములు అన్నియు ఆ మట్టితో పోయినవి. మొదళ్ళు మిగిలినచోట వేప, మోదుగ, కానుగ మరల చిగురు వేయును. మోదుగ ఆ విషయమున మొండిది. వేళ్ళతో పెకలించినచోట మాత్రము ఏమియు మొలవదు, ముందుగా వచ్చునవి పరదేశపు కలుపులు. తొందరపడి నర్సరీనుండి తెచ్చిన నీడచెట్లను వరుసగా నాటినచో అది తోట యగును, కంచ కాదు. అచ్చటి గింజలనే, అచ్చటి మట్టినే వాడి, యంత్రములను లోనికి రానీయక, వానలకు అవకాశమిచ్చి కొన్ని యేండ్లు ఓపికపట్టవలెనని వృక్షశాస్త్రజ్ఞుల సలహా. జింకలకు నీరు, దారి విడువవలెను. కంచలోనుండి బెదరి బయటికి వచ్చిన ఒక చుక్కల జింక కుక్కల బారినపడి చనిపోయినదన్న వార్త ఏప్రిల్ మొదటివారములో వచ్చియుండెను.

ఈ పనిలో చేరగోరు శ్రోతలకు ఒకటి రెండు విషయములు చెప్పి విరమింతుము. అడ్డునిలుచుటకు అందరికి వీలుపడదు, అందరికి అవసరమును లేదు. 2025లో ఈ నగరపు పక్షుల పటమును తయారుచేయు పని మొదలైనది. ప్రపంచ వన్యప్రాణి నిధివారును, దక్కను బర్డర్స్ అను పాత సంఘమువారును - 1980లో ఆంధ్రప్రదేశ పక్షి పరిశీలకుల సంఘముగా ఆరంభమైనది అదియే - మరికొందరును కలిసి ఊరిని చిన్నచిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఏ పిట్టలున్నవో వ్రాయించుచున్నారు. దీనికి డిగ్రీలక్కరలేదు. పాలపిట్టను, లకుముకిపిట్టను, జెముడుకాకిని గుర్తుపట్టగలవారు, పొద్దున్నే లేవగలవారు చాలును. మిగిలినవి తోడివారు నేర్పుదురు. ప్రతి ఫిబ్రవరిలో ప్రపంచమంతట జరుగు పెరటిపక్షుల లెక్కలో ఇంటి మేడమీదనుండియే పాల్గొనవచ్చును. మీ పేటలో లెక్కలకెక్కని గుట్టయో, బీడో, చెరువుగట్టో ఉన్నచో దాని సర్వే నంబరు తెలిసికొనుడు. మండల కచేరీలో అడిగిన చెప్పుదురు. అందలి చెట్ల పేర్లు, సుమారు లెక్క, చిత్రములు తేదీ వేసి ఒక పుస్తకములో ఉంచుకొనుడు. వేసవిలో ఒకమారు, వానలలో ఒకమారు చూచి వ్రాయవలెను. ఏలన ఎండిన కంపగా చూచినదానిని కోర్టు ఎంత నమ్మునో, పచ్చగా చూచినదానినే అంతకన్న ఎక్కువ నమ్మును. పుస్తకమును ఒక్కరియొద్దనే కాక ఇద్దరు ముగ్గురియొద్ద ఉంచుట మేలు. ఆపదవేళ వెదకుకొనుట కష్టము.